మా వియ్యంకుడుగారి పాటల స్టాండు

మా వియ్యంకుడుగారు పోయారు. పోయిన గురువారం పొద్దున్న నేను పెసరట్లకి పిండి రుబ్బుతూ ఉండగా ఆసుపత్రి నుంచి మా అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యా, నాన్న వెళ్ళిపోయారు" అన్నాడు. మిక్సీ ఆపి విన్నాను. పిండి ఇంకా బరకగానే ఉంది. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ మిక్సీ వేసి, మెత్తగా అయ్యేదాకా రుబ్బి, గిన్నెలోకి తీసి మూత పెట్టాను. అప్పుడుగాని ఆ మాట నాకు పూర్తిగా వినబడలేదు.

ఇక్కడ ఆక్లండ్ పద్ధతి ప్రకారం దహనానికి ముందు అందరూ ఒక హాల్లో కూర్చుని పోయిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పుకుంటారు. మా అల్లుడి ఆఫీసువాళ్ళు చెప్పారు, మా పేట హెండర్సన్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్ళు చెప్పారు. నన్ను కూడా మాట్లాడమన్నారు. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు పాఠం చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని, లేచి నిలబడి, "అన్నయ్యగారు మంచివారు" అని కూర్చుండిపోయాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి, "అదేంటమ్మా, ఆన్సర్ పేపరు మీద మార్కేసినట్టు ఒక్క ముక్కలో తేల్చేశావు" అంది. మిగతా ముక్కలు ఇక్కడ రాస్తున్నాను. చదివే మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. నేను రాసేది చదివితే కొంచెమైనా తెలుస్తారని ఆశ.

ఆయన మా అల్లుడి తండ్రి. కాకినాడవారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి, భార్య పోయాక కొడుకు దగ్గరికి ఆక్లండ్ వచ్చేశారు. మావారు పోయిన మరుసటి ఏడు మా అమ్మాయి నన్ను కూడా ఇక్కడికే తీసుకొచ్చింది. మనవరాలు చిన్నది, ఇద్దరూ ఉద్యోగాలకి పోవాలి, ఇంట్లో పెద్దవాళ్ళు కావాలి. అలా వియ్యంకుడూ వియ్యపురాలూ ఒకే కప్పు కింద చేరాం.

ఇది మనవాళ్ళకి ఎంత విడ్డూరమో నేను చెప్పక్కర్లేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో మా నాన్న నన్ను చూడ్డానికి వస్తే మా అత్తవారింట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకునేవారు కాదు. మనవడు పుట్టేదాకా ఆ నియమం తప్పలేదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, అల్లుడి ఇంట్లో, అల్లుడి తండ్రి ఉన్న ఇంట్లో, పెట్టె దించుకుని ఉండిపోవడమంటే నాకు మింగుడు పడలేదు. మా అబ్బాయి ఈ దేశం దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్‌లో ఉన్నాడు. అక్కడ చదువుకోవడానికొచ్చి అక్కడే సెటిల్ అయ్యాడు. వచ్చిన రోజునే అందరి ముందూ చెప్పేశాను: "నా వల్ల ఈ ఇంట్లో ఎవరికి ఇబ్బందని తెలిసినా ఆ రోజే ఇన్వర్‌కార్గిల్ వెళ్ళిపోతాను."

"అక్కడికా?" అన్నారు వియ్యంకుడుగారు. "అది దాటితే ఇంక పెంగ్విన్లేనండీ. అవి మీ మాట వినవు."

అదీ ఆయన వరస. వియ్యాలవారి ఎగతాళిని ఆయన ఒక కళలాగా కాపాడుకున్నారు. ఆ రోజు తలుపు తీస్తూనే, "రండి చెల్లెమ్మగారూ, రండి. మర్యాదల్లో ఏమైనా లోటొస్తే ఇప్పుడే చెప్పండి. మావాడి పెళ్ళిలో మీరు చేసిన లోట్లన్నీ నాకు గుర్తున్నాయి, సమానం చేసుకుందాం" అన్నారు. ముఖ్యంగా పెళ్ళిలో మేం పెట్టిన సన్నాయి మేళం ఆయనకి నచ్చలేదు. అది శృతిలో లేదని పన్నెండేళ్ళ తర్వాత కూడా అనేవారు. "డోలు వాయించినాయన మాత్రం పాపం మంచివాడండీ. సన్నాయి తప్పులన్నీ కప్పెట్టాడు" అనేవారు.

సన్నాయి అంటే ఆయనకి ప్రాణం. కాకినాడ నుంచి వచ్చేటప్పుడు బట్టల మధ్యన పెట్టి పాత రికార్డులు తెచ్చుకున్నారు. వాటికి కావలసిన సరంజామా ఇక్కడే కూర్చుకున్నారు. వాడిన సామాన్లు అమ్మే ఆప్ షాపులు హెండర్సన్ నుంచి న్యూ లిన్ దాకా ఆయనకి తెలియనివి లేవు. ఒకచోట రికార్డ్ ప్లేయర్, ఒకచోట యాంప్లిఫయర్, ఇంకోచోట క్యాసెట్ డెక్కు, మా మనవరాలంత ఎత్తున్న రెండు స్పీకర్లు. ఒక్కొక్కటీ విప్పి, తుడిచి, బాగుచేసి, అన్నీ గరాజ్‌లో పెట్టుకున్నారు. చలికాలం గరాజ్‌లో మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, దగ్గుతూ పాట వినేవారు. చెమ్మకి రికార్డు అట్టల మీద తెల్లగా బూజు పట్టింది. అది చూసి మా అమ్మాయి మనసు కరిగింది.

"మామయ్యగారూ, హాల్లో పెట్టుకోండి. కానీ ఈ పెట్టెలూ వైర్లూ అన్నీ ఒక స్టాండులో పద్ధతిగా ఉండాలి. పిల్ల తిరిగే ఇల్లు."

షాపులో అమ్మే స్టాండు చూపిస్తే ఆయన నవ్వారు. సన్నటి ఇనుప కాళ్ళు, గాజు పలకలు. "ఇది స్టాండా, ఉపవాసం చేస్తున్న కొంగా? నేనే చేస్తాను" అన్నారు.

ఆ స్టాండు కథే ఆయన కథ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కూల్చేసిన పాత ఇళ్ళ కర్ర అమ్మే యార్డు ఒకటుంది. అక్కడినుంచి రిము అనే ఇక్కడి చెట్టు చెక్కలు తెచ్చారు. చిత్రిక పడితే ఎర్రటి తేనె రంగు తేలింది. పొద్దున్నే కాఫీ తాగి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళేవారు. పని మొదలుపెట్టే ముందు చెప్పులు గుమ్మం పక్కన జతగా పెట్టేవారు, దేవుడి గదిలోకి వెళ్తున్నట్టు. స్క్రూ బిగించేటప్పుడు ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు. "అది లోపలికి దారి వెతుక్కుంటోంది, కంగారు పెట్టకండి" అనేవారు. కుదరని చెక్కని తిట్టరు, పక్కన పెడతారు. "ఇవాళ దీనికి మనసు బాలేదు" అని రేపు తీస్తారు.

ఆయన నమ్మకం ఒకటే: బరువుంటే కదలదు. జీవితమంతా ఆనకట్టలు, తూములు, కాలవగట్లు చూసిన మనిషి. చేసిన స్టాండు కూడా అలాగే చేశారు. అడుగున లావుపాటి దుంగలు, మూడు అరలు, పైన పలక. ఆయనా మా అల్లుడూ కలిసి హాల్లోకి మోసుకొస్తుంటే గుమ్మం దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"ఎన్ని మార్కులండీ చెల్లెమ్మగారూ?"

"పదికి ఏడు. ఎడమ పక్క వాలింది."

ఆయన రసమట్టం తెచ్చి పెట్టి చూశారు. గాజు గొట్టంలో బుడగ పక్కకి జరిగింది. "మీ కంట్లోనే రసమట్టం ఉందండీ" అని కాలి కింద అట్టముక్క పెట్టారు. "ఇప్పుడు?"

"ఏడున్నర. అట్టముక్క కనపడుతోంది."

ఆ సాయంత్రం అందరం కూర్చున్నాం. సన్నాయి రికార్డు పెట్టారు. పాట హాయిగా ఎత్తుకుంది. కాఫీలు తేవడానికి నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చాను. టక్కుమని ముల్లు ఎగిరి రికార్డు మీద రెండు గాడులు దాటి పడింది. సన్నాయి వాయించే ఆయన రాగం మధ్యలో మింగేసి ఇంకెక్కడో తేలాడు. మనవరాలు అప్పుడే గదిలోంచి పరిగెత్తుకొచ్చింది కాబట్టి అందరం దాన్నే చూశాం. "ఇంట్లో పరిగెత్తకూడదని చెప్పానా?" అన్నాను నేను.

"నేను వాక్ చేశాను అమ్మమ్మా" అంది అది. నేను ఒప్పుకోలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పాట మొదలవుతుంది, ముల్లు ఎగురుతుంది, పిల్లకి చీవాట్లు పడతాయి. వియ్యంకుడుగారు మాత్రం పిల్లని ఒక్క మాట అనేవారు కాదు. "తప్పు దానిది కాదండీ. స్టాండుకి బరువు చాల్లేదు" అనేవారు. ఒక ఆదివారం పడమటి సముద్రం దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి నల్ల ఇసుక చూసి మురిసిపోయారు. ఇనుప రజను కలిసిన ఇసుక, గుప్పెడు తీసుకుంటే చెయ్యి కిందికి లాగుతుంది. "మామయ్యగారూ, ఇక్కడినుంచి ఇసుక పట్టుకెళ్ళకూడదు" అని మా అమ్మాయి అంటే, ప్యాంటు జేబులు రెండూ బోర్లించి అక్కడే దులిపేసి, మర్నాడు షాపులో ఇసుక బస్తా కొన్నారు. లావు గొట్టాల్లో ఇసుక దట్టించి స్టాండుకి కొత్త కాళ్ళు పెట్టారు. ముల్లు ఇంకా బాగా ఎగిరింది. తర్వాత మనవరాలి టెన్నిస్ బంతులు సగానికి కోసి పలక కింద పెట్టారు. అది ఇంకో రకంగా ఎగిరింది.

చివరికి మా అమ్మాయికి విసుగొచ్చింది. "సొంత ఇంట్లో పిల్ల భయపడుతూ నడుస్తోంది. ఇలా కుదరదు" అంది. మా అల్లుడు ఎక్కువ మాట్లాడడు. టీ కప్పు చూస్తూ, "నాన్నా, పై శనివారం కొత్త సోఫా వస్తోంది. ఈలోగా ఇది సర్దుకుంటే సరే. లేకపోతే మళ్ళీ గరాజ్‌లో పెట్టుకోండి" అన్నాడు. గరాజ్ అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. మంకీ క్యాపు, చెమ్మ, దగ్గు. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన ఒక్కరే అక్కడ, మేమందరం ఇక్కడ.

"అలాగేరా" అన్నారాయన.

సోమవారం పగలు ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. పిల్ల స్కూల్లో, పెద్దవాళ్ళు ఆఫీసుల్లో. నేను వంకాయలు తరుగుతున్నాను. హాల్లో సన్నాయి వినబడుతోంది. కూరలో అల్లం పచ్చిమిర్చి వెయ్యమంటారా, కారం పెట్టి వండమంటారా అని అడగడానికి హాల్లోకి వచ్చాను. ముల్లు ఎగిరింది.

నేను ఆగిపోయాను. పాట మళ్ళీ సాగింది.

"పిల్ల స్కూల్లో ఉందిగా. ఇప్పుడెవరు పరిగెత్తారు?"

"గాలండీ. పొద్దుట్నుంచీ చూస్తున్నారుగా, ఒకటే గాలి."

నేను ఒక అడుగు ముందుకేశాను. టక్.

"ఇది?"

"రైలు. కొత్తగా కరెంటు రైళ్ళు వేశారు కదండీ. అదురు ఎక్కువ."

ఒక అడుగు వెనక్కేశాను. టక్.

"ఇది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "అసలీ దేశమే భూకంపాల దేశం కదండీ."

"ఆ భూకంపం నేను అడుగేసినప్పుడే వస్తోందా అన్నయ్యగారూ?"

ఆయన లేచి, ముల్లు జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టారు.

నా నడక గురించి ఒక మాట చెప్పాలి. నేను మడమ ఆనించి నడుస్తాను. మా స్కూలు వరండాలో ఆ చివర నేను కదిలితే ఈ చివర క్లాసు సర్దుకుని కూర్చునేది. అక్కడ రాతి నేల. పిల్లలు అదిరారేమో గాని నేల ఏనాడూ అదరలేదు. ఇక్కడి ఇళ్ళు అలా కాదు. కొయ్య గుంజల మీద దూలాలు, దూలాల మీద చెక్క పలకలు, వాటి మీద మనం.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?" అని అడిగాను.

"మొదటి రోజునుంచీ తెలుసండి."

"మరి చెప్పరేం?"

"చెబితే మీరు ఇన్వర్‌కార్గిల్‌కి టికెట్టు కొంటారు."

"కొంటాను. ఎందుకు కొనను?" అని నా గదిలోకి వెళ్ళి మంచం కిందనుంచి పెట్టె లాగాను. ఉత్తుత్తి బెదిరింపు కాదు. చెప్పిన మాట చెప్పినట్టు చేసే అలవాటు నాది. బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాను. ఆయన వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు. ఆయన నా గది గడప ఏనాడూ దాటలేదు. చేతిలో రసమట్టం ఉంది.

"ఆడపిల్ల తల్లి అల్లుడింట్లో మునివేళ్ళ మీద నడవాలని ఎవరు చెప్పారండీ మీకు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు."

"మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. మడమ ఆనించే నడవండి. మనిషిని నడక మార్చుకోమని అడగడం నాకు చేతకాదు. సామాను మార్చడం చేతనవును."

"సామాను కుదరక గరాజ్‌కి పోతేనో?"

"పోనివ్వండి. మంకీ క్యాపు ఎక్కడికీ పోలేదుగా."

"దగ్గు?"

"దగ్గుకి మీ మిరియాల కషాయం ఉంది. మీరు వెళ్ళిపోతే అదీ ఉండదు." రసమట్టం అటూ ఇటూ తిప్పి, "నా పనికి మార్కులేసేవాళ్ళు కూడా ఉండరు. మావాడు ఏం చేసినా 'బాగుంది నాన్నా' అంటాడు. వాడి మెప్పు ఏం చేసుకోను?" అన్నారు.

నేను ఆయన వైపు చూడలేదు. చీరలు మళ్ళీ బీరువాలో పెట్టి, పెట్టె మంచం కిందికి తోసి, హాల్లోకి వచ్చి ఆ స్టాండు చుట్టూ తిరిగాను. అప్పటిదాకా అది ఆయన విషయం అని ఊరుకున్నాను. ఇప్పుడు నా విషయం కూడా అయింది.

"మీరు ఆనకట్ట కట్టారు అన్నయ్యగారూ. కానీ దీనికింద భూమి లేదు. నేను అడుగేస్తే నేల కిందికి వంగి పైకి లేస్తోంది. దాంతోపాటు మీ స్టాండూ ఊగుతోంది. ఎంత బరువు పెట్టినా అది నేలతోనే పోతుంది."

"అయితే ఎక్కడ పెట్టమంటారు?"

"నేల మీద పెట్టకండి."

"గాల్లో పెట్టమంటారా?"

"గోడకి పెట్టండి. రికార్డ్ ప్లేయర్ ఒక్కటే గోడకి. మిగతావన్నీ కిందే ఉండొచ్చు. వాటికి ముళ్ళు లేవు."

ఆయన మొహం వెలిగిపోవడం చూశాను. పెద్ద స్టాండు కాళ్ళు ఆ మధ్యాహ్నమే తీసేసి పొట్టిగా చేశారు. మిగిలిన రిము చెక్కతో పైన పెట్టడానికి ఒక చిన్న పలక, దానికింద రెండు ముక్కోణం ఆసరాలు. పలక నాలుగు మూలలా నిలువు స్క్రూలూ నట్లూ పెట్టారు, మట్టం సరిచేసుకోవడానికి. ఈసారి అట్టముక్క అక్కర్లేదు.

గోడ దగ్గర మాత్రం ఇద్దరం కలిసి తప్పు చేశాం. కాకినాడలో గోడ అంటే ఇటుక. ఎక్కడ మేకు కొట్టినా ఆగుతుంది. ఆయన కిటికీకి పక్కగా అందంగా కనిపించే చోటు చూసి డ్రిల్లు పెట్టారు. వెన్నలోకి దిగినట్టు దిగింది. "చాలా మంచి గోడండీ, అసలు మొండికెయ్యడం లేదు" అన్నారు. నేను మాత్రం ప్లేయర్ వెంటనే పెట్టనివ్వలేదు. ముందు దానికన్నా బరువైనది పెట్టి చూడాలన్నాను. బియ్యం సంచి తెచ్చి పలక మీద పెట్టాం. ఒక నిమిషం బాగానే ఉంది. ఆయన నా వైపు తిరిగి మార్కులు అడగబోతుండగా పలక, ఆసరాలు, గోడ పెచ్చు, సంచి అన్నీ కలిసి మా ఇద్దరి నెత్తి మీదుగా వచ్చాయి. సంచి మూతి విడిపోయి సోనా మసూరి హాలంతా పరుచుకుంది.

సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని మా అమ్మాయీ అల్లుడూ పిల్లా లోపలికి వచ్చారు. జుట్టులో బియ్యంతో నేను, భుజాల మీద బియ్యంతో ఆయన.

"ఏం లేదమ్మా" అన్నారు వియ్యంకుడుగారు కోడలితో. "మీ పెళ్ళిలో తలంబ్రాలు తక్కువయ్యాయని అన్నాను కదా. మీ అమ్మగారు ఇవాళ సరిపెట్టారు."

ముందు పిల్ల నవ్వింది, తర్వాత మా అమ్మాయి. అల్లుడు గోడకి పడ్డ బొక్కని చాలాసేపు చూశాడు. "నాన్నా, శనివారం" అని మాత్రం అని, చీపురు తేవడానికి వెళ్ళాడు. నేను బియ్యం అంతా ఎత్తి చేటలో పోసి, గోడ సున్నం ముక్కలు ఏరి, కడిగి ఎండబెట్టాను. ఒక్క గింజ పారెయ్యలేదు.

ఆ గోడ ఇటుక కాదు. రెండు సుద్ద పలకల మధ్య ఖాళీ. లోపల అక్కడక్కడ నిలువు కర్రలుంటాయి, బరువు మోసేవి అవే. అవి ఎక్కడున్నాయో పైకి కనపడవు. ఆయన వేలి కణుపులతో గోడ కొడుతూ, చెవి ఆనించి వింటూ తిరిగారు. "కొత్త ఊళ్ళో గోడని కూడా ముందు పలకరించాలండీ. దాని ఎముక ఎక్కడుందో అదే చెబుతుంది" అన్నారు. పలకరింపు మంచిదే గాని నాకు రుజువు కావాలి. పలకల్ని కర్రలకి ఇనుప మేకులతో కొడతారు కదా. ఫ్రిజ్ మీద మనవరాలు అంటించిన కివీ పక్షి అయస్కాంతం ఉంది. దాన్ని దారానికి కట్టి గోడ వెంట మెల్లగా నడిపించాను. ఒకచోట కివీ తనంతట తను గోడకి అతుక్కుంది. దానికి సరిగ్గా పైన ఇంకోసారి అతుక్కుంది. ఆయన పెన్సిలు గీత గీశారు. అక్కడినుంచి సమానమైన ఎడంలో ఇంకో కర్ర దొరికింది. ఈసారి డ్రిల్లు మూలిగింది, పొగ వాసన వేసింది, పసుపుపచ్చటి రజను రాలింది.

"ఇదీ గోడంటే" అన్నారాయన ఆ రజను అరచేతిలో పట్టి చూపించి.

బియ్యం సంచి పెట్టాం. రాత్రంతా ఉంచాం. కదల్లేదు.

ఆ స్టాండుకి పదికి ఎన్ని వేశారని తర్వాత చాలాసార్లు అడిగారు. తొమ్మిది అనేదాన్ని. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో చెప్పమని బతిమాలేవారు. పూర్తి మార్కులు వేస్తే మనిషి చదవడం మానేస్తాడని నేను, నాకింక ఏ పరీక్ష ఉందండీ అని ఆయన. ఈ వాదన ఆసుపత్రిలో కూడా జరిగింది. మొన్న ఆఖరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "ఆ ఒక్కటీ..." అన్నారు. "ఇంటికి రండి, రసమట్టం పెట్టి చూసి చెబుతాను" అన్నాను. నవ్వారు. ఇంటికి రాలేదు. మార్కు మాత్రం నేను మార్చలేదు. జాలిపడి మార్చానని తెలిస్తే ఆయనకి కోపం వచ్చేది.

వచ్చినవాళ్ళు ఆ సామానంతా ఏం చేస్తారని అడుగుతున్నారు. వాడని వస్తువు ఇంట్లో ఉంచడం నాకూ ఇష్టం ఉండదు. అందుకే వాడుతున్నాం. రికార్డు ఎలా పట్టుకోవాలో, అంచులే ఎందుకు ముట్టుకోవాలో ఆయన మా అందరికీ నేర్పించి వెళ్ళారు. ఈ ఏళ్ళన్నిటిలో సాయంత్రాలు ఆ గోడ కింద ఎంతమంది కూర్చున్నారో. కొత్తగా వచ్చి ఉద్యోగం వెతుక్కునే పిల్లలు, పురిటికి కూతుళ్ళ దగ్గరికి వచ్చిన తల్లులు. సన్నాయి విని, "అమ్మో, అచ్చం పెళ్ళిలో ఉన్నట్టుంది అంకుల్" అంటే, ఆయన ఓరకంట నన్ను చూసి, "మా పెళ్ళిలో కన్నా నయం" అనేవారు.

కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కళ్ళకి కట్టేది ఆ శనివారం.

పాత సోఫా పొద్దున్నే తీసుకెళ్ళిపోయారు. కొత్తది ఇంకా రాలేదు. హాలు బోసిగా, పెద్దగా ఉంది. ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ప్లేయర్ గోడ మీది పలక మీద పెట్టి, నట్లు ఒక్కొక్కటీ తిప్పి బుడగ మధ్యకి తెచ్చి, సన్నాయి రికార్డు పెట్టి, ముల్లు దించారు. అల్లుడు చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకున్నాడు.

"చెల్లెమ్మగారూ, వంటింట్లోంచి ఇటు రండి."

నడిచి వచ్చాను. ఏమీ కాలేదు.

"ఇది లెక్కలోకి రాదు. మీరు మెల్లగా నడిచారు."

"లేదు."

"నడిచారు. మళ్ళీ వెళ్ళండి. హోంవర్కు తేని పిల్లాడు ఆఖరి బెంచీలో దాక్కున్నాడనుకోండి."

వెనక్కి వెళ్ళాను. ఈ దేశం వచ్చాక మొదటిసారి మా స్కూలు వరండాలో నడిచినట్టు నడిచాను. వంటింటి అలమరలో గ్లాసులు గల్లుమన్నాయి. హాలు ఈ గోడనుంచి ఆ గోడదాకా వెళ్ళి, తిరిగి, మళ్ళీ వచ్చాను. సన్నాయి ఊపిరి ఎక్కడా తెగలేదు.

"ఇంకొంచెం కోపంగా" అన్నారాయన.

"నాకిప్పుడు కోపం రావడం లేదు అన్నయ్యగారూ."

"మై టర్న్ తాతయ్యా" అని పిల్ల దూకింది. నేను ఇంట్లో దూకొద్దనలేదు. మా అమ్మాయి దాని చెయ్యి పట్టుకుని తనూ దూకింది. అటు డోలు జోరందుకుంది. ఎప్పుడూ కాళ్ళ చప్పుడైనా వినబడని మా అల్లుడు గుమ్మం వదిలి వచ్చి, ఒకసారి ప్లేయర్ వైపు అనుమానంగా చూసి, రెండు కాళ్ళూ కలిపి ఎగిరి దభీమని పడ్డాడు. పైన దీపం ఊగింది. చెంచాలు మోగాయి. పక్కింటి కుక్క మొరిగింది. మా వియ్యంకుడుగారు చెప్పులు విప్పి గోడ వారగా జతగా పెట్టి, పంచె కొంచెం పైకి పట్టుకుని, మా మధ్యలోకి వచ్చి డోలు దెబ్బకో అడుగు వెయ్యడం మొదలుపెట్టారు. నేల మొత్తం మా కింద లేస్తూ పడుతూ ఉంది. పైన గోడ మీద ముల్లు మాత్రం ఈ గోలంతా తనకి పట్టనట్టు, నల్లటి గాడి వెంట మెల్లగా లోపలికి నడుస్తూనే ఉంది.